గ్లాస్ టేబుల్ మీద కర్సర్ దూకుతోంది: మౌస్ మార్చాలా, ప్యాడ్ మార్చాలా?

భీమవరం_డిజైనర్

అందరికీ నమస్కారం. భీమవరంలో ఒక ఫొటో స్టూడియోకు ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. పనంతా ఫొటోషాప్‌లోనే. అందులో సగం పెన్ టూల్‌తో బ్యాక్‌గ్రౌండ్ కటింగ్. శ్రావణం ముహూర్తాల ఆల్బమ్‌లు వరసగా ఉన్నాయి, సరిగ్గా ఇప్పుడే మౌస్ సతాయిస్తోంది.

పెళ్ళికూతురి జడ అంచు వెంబడి మెల్లగా పాయింట్లు పెట్టుకుంటూ వెళ్తుంటే కర్సర్ ఉన్నట్టుండి నాలుగైదు పిక్సెళ్ళు పక్కకు దూకుతుంది. వేగంగా జరిపితే ఏమీ తెలియదు, మెల్లగా జరిపినప్పుడే ఈ గోల. టేబుల్ మీద మందపాటి అద్దం ఉంది, దాని కింద శాంపిల్ ఫొటోలు, విజిటింగ్ కార్డులు పెట్టి ఉంటాయి. నేరుగా అద్దం మీద మౌస్ పనిచేయదు. అందుకని స్టూడియోలోనే తయారుచేసిన ప్యాడ్ వాడుతున్నాను. ఫోమ్ షీట్ మీద పెళ్ళి ఫొటో ప్రింట్ అతికించి, పైన గ్లాసీ లామినేషన్ చేసింది. మౌస్ మామూలు వైరు మౌస్, కింద ఎర్ర లైటు వెలుగుతుంది.

షాపులో అడిగితే డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే సెన్సర్ ఎన్ని మెట్లు లెక్కిస్తుందో ఆ సంఖ్య) ఎక్కువున్న గేమింగ్ మౌస్ తీసుకోమంటున్నారు. దానికి డబ్బు పెట్టాక కూడా ఇదే బాధ ఉంటే ఎలా అని టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

కీబోర్డు_కిట్టు

అన్నా, ఏదీ కొనకముందు ఒక పని చేయండి. ప్రింటర్‌లోంచి మామూలు తెల్ల ఏ4 కాగితం తీసి, మూలలకు టేపు వేసి టేబుల్‌కు అతికించండి. దాని మీద ఇదే మౌస్‌తో ఇదే కటింగ్ చేయండి. ఫొటో పేపర్ వద్దు, జిరాక్స్ పేపర్ చాలు. దూకడం ఆగితే మౌస్ బాగానే ఉన్నట్టు.

డీపీఐ పెంచితే కర్సర్ వేగం పెరుగుతుంది, అంతే. కింద ఏముందో సెన్సర్‌కు సరిగా కనపడకపోతే ఆ దూకుడు కూడా వేగంతో పాటే పెద్దదవుతుంది.

సెన్సర్_శాస్త్రి

కిట్టు చెప్పిన పరీక్ష మంచిది. అదెందుకు పనిచేస్తుందో తెలిస్తే ప్యాడ్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆప్టికల్ మౌస్ అడుగున ఉన్నది చిన్న కెమెరా. ఎల్‌ఈడీ వెలుగు ఏటవాలుగా పడేలా అమరుస్తారు. అలా పడినప్పుడు కాగితంలోని పీచు, బట్టలోని నేత సన్నని నీడలు వేస్తాయి. కెమెరా ఆ నీడల బొమ్మను సెకనుకు వేలసార్లు తీసి, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య అవి ఎటు ఎంత జరిగాయో పోల్చి కర్సర్‌ను కదుపుతుంది. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చినప్పుడు సెకనుకు 1500 బొమ్మలు తీసేది. చాలా గేమింగ్ మౌస్‌లలో కనిపించే పిక్స్‌ఆర్ట్ 3360 సెన్సర్ 12,000 వరకు తీస్తుంది. ఎన్ని తీసినా వాటిలో నీడలే లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ టేబుల్ సంగతి. నునుపు అద్దం పైభాగంలో నీడలు పడవు, వెలుగు లోపలికి వెళ్ళిపోతుంది. కింద ఉన్న విజిటింగ్ కార్డు మీద అక్షరాలు, రంగులు ఉన్నా, అది అద్దం మందమంత దూరంలో ఉంది. మౌస్ లెన్స్ ఫోకస్ దాని అడుగుకు ఆనుకున్న ఉపరితలానికే కుదిర్చి ఉంటుంది, ఆ దూరానికి బొమ్మ మసకబారిపోతుంది. ఇక మీ ప్యాడ్. గ్లాసీ లామినేషన్ పొర వెలుగును నలుదిక్కులా చెదరనీయకుండా ఒకే వైపు తిప్పికొడుతుంది, నేతగానీ పీచుగానీ కనపడదు. పైగా మీ మౌస్‌ది ఎర్ర వెలుగు. ఆ వెలుగులో ఎరుపూ తెలుపూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పెళ్ళి ఫొటో అంటే ఎర్ర చీరలు, తెల్ల పంచెలు. మీకు రంగుల తేడా కనిపించే చోట సెన్సర్‌కు ఖాళీ కనిపిస్తోంది.

మెల్లగా జరిపినప్పుడే ఎందుకు తెలుస్తోందంటే, వేగంగా జరిపేటప్పుడు కూడా తప్పు జరుగుతూనే ఉంటుంది. పెద్ద కదలికలో నాలుగు పిక్సెళ్ళు ఎవరికీ కనపడవు. జడ అంచు మీద కనపడతాయి.

మాటల్లో మాట. మొదట్లో వచ్చిన ఆప్టికల్ మౌస్‌లకు ప్రత్యేకమైన ప్యాడ్ లేనిదే నడక లేదు. 1980లలో స్టీవ్ కిర్ష్ స్థాపించిన మౌస్ సిస్టమ్స్ మౌస్‌కు ఒక లోహపు పలక ఇచ్చేవారు, దాని మీద సన్నని గీతల గడులు ఉండేవి. మౌస్ ఆ గీతలను చదివేది. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ కంప్యూటర్లతో ఇవి వచ్చేవి. పలకను అడ్డంగా తిప్పి పెడితే కర్సర్ దిక్కు తప్పేది. మా డిజైన్ విభాగంలో ఆ పలకలు పక్కకు తిరగకుండా టేబుల్‌కు టేపు వేసి ఉంచేవాళ్ళం. మౌస్‌నూ ప్యాడ్‌నూ ఒకే పరికరంగా చూడటం నాకు అక్కడే అలవాటైంది, ఇప్పటికీ అలాగే చూస్తాను.

విశాఖ_గేమర్

శాస్త్రి గారు బాగా చెప్పారు. నా సలహా మాత్రం: బట్ట ప్యాడ్ జోలికి వెళ్ళకండి, హార్డ్ ప్యాడ్ గానీ గ్లాస్ ప్యాడ్ గానీ తీసుకోండి. మీదీ సముద్రానికి దగ్గర ఊరే. మా విశాఖలో ఉక్కపోత రోజుల్లో బట్ట ప్యాడ్ చెమట తాగేసి బరువెక్కుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. హార్డ్ ప్యాడ్‌ను తుడిస్తే చాలు.

భీమవరం_డిజైనర్

విశాఖ బ్రదర్, అద్దం మీద పనిచేయట్లేదనే కదా నా బాధ, మళ్ళీ గ్లాస్ ప్యాడ్ ఏంటి?

విశాఖ_గేమర్

అది టేబుల్ అద్దం కాదన్నా. రేజర్ అట్లాస్, స్కైప్యాడ్ లాంటివి గట్టి టెంపర్డ్ గ్లాసే, కానీ పైభాగాన్ని సన్నగా గరుకు చేస్తారు. వేలితో రాస్తే పట్టులా తగులుతుంది, సెన్సర్‌కు కావలసిన గరుకుతనం ఉంటుంది. చాలా వేగంగా జారుతుంది. పాత సెన్సర్లు కొన్ని దాని మీద తడబడతాయి, కాబట్టి ఎర్ర లైటు మౌస్‌తో అయితే ముందు పరీక్షించి తీసుకోవాలి.

డల్లాస్_తెలుగు

ఇక్కడ ఆఫీసులో నాది పూర్తి గాజు డెస్క్. ప్యాడ్ లేకుండానే నడుస్తోంది, కారణం మౌస్‌లో ఉన్న డార్క్‌ఫీల్డ్ సెన్సర్. లాజిటెక్ 2009లో ఎనీవేర్ ఎంఎక్స్, పెర్ఫార్మెన్స్ ఎంఎక్స్‌లతో తెచ్చింది ఇది. గాజు మీద కంటికి కనపడని గీతలను, దుమ్ము రేణువులను వెతికి పట్టుకుంటుంది. గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలని కంపెనీయే చెబుతుంది. ఎంఎక్స్ మాస్టర్ సిరీస్ అంతా ఈ పద్ధతే.

కోడింగ్‌కూ, ఎక్సెల్‌కూ నాకు చక్కగా సరిపోయింది. ఫొటో కటింగ్‌కు మాత్రం నేరుగా గాజు మీద చేయమని చెప్పను. పలక చల్లగా ఉంటుంది, మౌస్ చప్పుడు చేస్తుంది, చెయ్యి ఆపాలనుకున్న చోట ఆగదు.

భీమవరం_డిజైనర్

కాగితం పరీక్ష చేశాను. కిట్టు తమ్ముడూ, నీకు బోలెడు థ్యాంక్స్. దూకడం పూర్తిగా ఆగిపోయింది! అంటే మౌస్ తప్పు కాదు.

కానీ ఇంకో సంగతి బయటపడింది. చిన్న కదలిక కావాలని మౌస్‌ను కొంచెం నెడితే మొదట కదలదు. ఇంకొంచెం నెడితే ఒక్కసారిగా కదిలి కావలసిన చోటు దాటిపోతుంది. కాగితం మీదా అంతే, పాత ప్యాడ్ మీదా అంతే. ఇది కూడా సెన్సరేనా?

సెన్సర్_శాస్త్రి

కాదు. అది మౌస్ కాళ్ళది. మౌస్‌ను తిరగేసి చూడండి. మూలల్లో నల్లగా గానీ తెల్లగా గానీ నున్నని ముక్కలు అతికించి ఉంటాయి. టెఫ్లాన్ అని మనమంతా పిలిచే పీటీఎఫ్ఈతో చేస్తారు, చవక మౌస్‌లలో మామూలు ప్లాస్టిక్‌తో. అవి అడుగు ప్లాస్టిక్ కంటే కాస్త ఎత్తుగా ఉండాలి. గోటితో అంచు వెంబడి రాస్తే ఆ మెట్టు తగలాలి. తగలకపోతే అరిగిపోయినట్టే. అప్పుడు మౌస్ కాళ్ళ మీద కాకుండా పొట్ట మీద పాకుతున్నట్టు లెక్క.

కదలని వస్తువును కదిలించడానికి పట్టే బలం ఒకటి, కదిలాక జరుపుతూ ఉండటానికి పట్టే బలం ఇంకొకటి. మొదటిది సాధారణంగా కాస్త ఎక్కువే. ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెరిగితే సన్నపనికి అంత నష్టం. పౌడర్ వేయని క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌ను రెండు అంగుళాలు మాత్రమే జరపాలని చూడండి, సరిగ్గా మీరు చెప్పిందే జరుగుతుంది. పెన్ టూల్‌తో ఒక పిక్సెల్ జరపాలంటే మౌస్ మొదలయ్యేటప్పుడు పట్టేయకూడదు, అదే సమయంలో చెయ్యి ఆగిన చోట ఆగాలి. మీకు కావలసింది అత్యంత వేగమైన ప్యాడ్ కాదు, సాఫీగా మొదలయ్యే ప్యాడ్.

ప్యాడ్ చూసేటప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. సెన్సర్ కంటికి ఏం కనిపిస్తోంది? కాళ్ళ కింద ఏం తగులుతోంది? దూకడం మొదటిదానికి చెందింది. పట్టేయడం రెండోదానికి చెందింది.

డీటీపీ_లక్ష్మి

విజయవాడలో చాలాకాలంగా డీటీపీ చేస్తున్నాను, పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, స్కూలు మ్యాగజైన్లు. విశాఖ తమ్ముడి మాటతో నేను ఏకీభవించను. ఆట ఆడేవాళ్ళు గంటో రెండు గంటలో ఆడి లేస్తారు. మేం పొద్దున కూర్చుంటే రాత్రి దాకా మౌస్ వదలం. హార్డ్ ప్యాడ్ మీద మణికట్టు ఎముక అంతసేపు ఆనితే ఎంత నొప్పో, వేసవిలో చర్మం ఆ ప్లాస్టిక్‌కు అతుక్కుపోతే ఎంత చిరాకో అనుభవించినవాళ్ళకే తెలుసు. పైగా చెయ్యి అలసిపోయాక అతి వేగమైన ప్యాడ్ మీద గీత నిలకడగా రాదు. బట్ట ప్యాడ్ ఆ వణుకును కొంత మింగేస్తుంది.

డిజైనర్ గారూ, బట్టలో కూడా మరీ మెత్తటిది తీసుకోకండి. చెయ్యి బరువు వేసి పనిచేసేవాళ్ళకు అది పనికిరాదు. మౌస్ కాళ్ళు ఫోమ్‌లోకి దిగబడతాయి, నొక్కిన కొద్దీ బరువెక్కుతుంది. వేలితో నొక్కి చూడండి, గుంట పడి మెల్లగా పైకి లేస్తుంటే వదిలేయండి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం, బిగువు నేత, కింద రబ్బరు ఉన్నది చాలు. మీ టేబుల్ మీద అద్దం కాబట్టి రబ్బరు అడుగు బాగా పట్టి ఉంటుంది, కాకపోతే ముందు అద్దం మీద దుమ్ము తుడవాలి.

అంచుకు కుట్టు వేసిన ప్యాడ్‌లలో కొన్నింటికి కుట్టు ఉబ్బెత్తుగా ఉండి మణికట్టును గీరుతుంది. కొనేటప్పుడు అంచు మీద చెయ్యి ఆనించి అటూ ఇటూ రాసి చూడండి.

విశాఖ_గేమర్

లక్ష్మి అక్కా, చేతికి అతుక్కోవడం నిజమే, అందుకే మేం మోచేతి దాకా బట్ట స్లీవ్ వేసుకుంటాం. నా పాయింట్ తేమ గురించి. ఏసీ గదిలో పనిచేస్తే మీరు చెప్పినదే రైటు. ఏసీ లేని షాపులో, అదీ వానాకాలం భీమవరంలో, మామూలు పాలిస్టర్ బట్ట రోజంతా ఒకేలా ఉండదు. జారుడు మారిపోతే చెయ్యి అలవాటు పడ్డ దూరం తప్పుతుంది.

మధ్యేమార్గం ఉంది. కార్డూరా లాంటి ముతక, గట్టి నైలాన్ పోగులతో నేసినవి గానీ, పైన పూత వేసిన హైబ్రిడ్ ప్యాడ్‌లు గానీ చూడండి. బట్టే, కానీ చెమటను తొందరగా పీల్చుకోదు. కాకపోతే కొంచెం గరుకుగా ఉంటాయి.

క్యాడ్_రవి

మధ్యలో నాదో ప్రశ్న. నా పాత లేజర్ మౌస్ బట్ట ప్యాడ్ మీద వింతగా ఉంటుంది. ఒకే దూరం మెల్లగా జరిపితే ఒక చోట, వేగంగా జరిపితే ఇంకో చోట ఆగుతుంది. హార్డ్ ప్యాడ్ మీద ఈ తేడా చాలా తక్కువ. డ్రాయింగ్‌లో గీత చివర పట్టుకోవడం ఇబ్బందవుతోంది. డ్రైవర్ సమస్యా?

సెన్సర్_శాస్త్రి

ముందు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అనే టిక్ తీసేయండి. అది ఉంటే వేగాన్ని బట్టి దూరం మారడం మామూలే, ఏ ప్యాడ్ మీదైనా అంతే.

అది తీసేశాక కూడా తేడా ఉంటే ఇలా కొలవండి. ప్యాడ్ మీద బరువైన పుస్తకాలు రెండు, మధ్యలో జానెడు చోటు వదిలి పెట్టండి. కర్సర్ తెర అంచుకు తగలకుండా డీపీఐ తగ్గించుకోండి. మౌస్‌ను ఎడమ పుస్తకానికి ఆనించి కర్సర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. కుడి పుస్తకం దాకా వేగంగా తీసుకెళ్ళి, అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తెచ్చి మళ్ళీ ఎడమ పుస్తకానికి ఆనించండి. కర్సర్ మొదటి చోటికే రావాలి. రాకపోతే సెన్సర్‌కూ ఆ ఉపరితలానికీ పొత్తు కుదరలేదు. మౌస్ వంకర తిరగకుండా ఒక స్కేలు వెంబడి జరపడం మంచిది.

లేజర్ మౌస్‌లలో ఇది తెలిసిన గుణమే. లేజర్ కిరణం బట్ట పైపొరతో ఆగక లోపలి పోగుల దాకా వెళ్తుంది, లోతుల్లో ఉన్న పోగులు కూడా బొమ్మలోకి వస్తాయి, వేగాన్ని బట్టి లెక్క మారుతుంది. గట్టి, చదునైన ఉపరితలం మీద ఈ బెడద తగ్గుతుంది. మీ మౌస్‌ను మీరు మార్చదలచుకోకపోతే దానికి హార్డ్ ప్యాడే జోడీ. గేమింగ్ మౌస్‌లు మళ్ళీ ఎల్‌ఈడీ వైపు, ముఖ్యంగా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వైపు మళ్ళడానికి ఇదొక పెద్ద కారణం.

మీసేవ_ఆపరేటర్

డబ్బు పెట్టలేని వాళ్ళ కోసం ఒక మాట. మా సెంటర్‌లో టేబుళ్ళకు మెరిసే సన్‌మైకా. చాలా ఏళ్ళు పాత క్యాలెండర్ షీట్‌ను తిరగేసి, వెనకవైపు తెల్లటి భాగం పైకి వచ్చేలా అతికించి వాడాం. దరఖాస్తులు నింపడానికి చక్కగా సరిపోతుంది. మెరిసే వైపు వద్దు. మాసిపోతే కొత్తది వేయాలి, కాగితం మీద చెమట మరక పడ్డచోట మౌస్ ఆగుతుంది. దినపత్రిక కూడా నడుస్తుంది గానీ సిరా అంటుకుని మౌస్ కాళ్ళు నల్లబడతాయి.

ఇంట్లో పాలిష్ చేసిన గ్రానైట్ బండ మీద మౌస్ పెట్టేవాళ్ళకు కూడా ఇదే చెబుతాను. బండ మీద చుక్కలు కనిపిస్తున్నాయి కదా అని సెన్సర్‌కు సరిపోతుందనుకుంటారు. పైన పాలిష్ మెరుపే దాన్ని ఇబ్బంది పెడుతుంది.

కీబోర్డు_కిట్టు

కొనడానికి పనికొచ్చే వివరాలు నేను రాస్తాను.

డిజైనర్ అన్నా, సైజు ముందు తేల్చుకోండి. మానిటర్, కీబోర్డు పెట్టాక మీ టేబుల్ మీద మౌస్‌కు ఎంత చోటుంది? లాజిటెక్ జీ240 బట్ట ప్యాడ్ 34 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల పొడవు. జీ440 అదే కొలతల్లో హార్డ్ ప్యాడ్. జీ640 బట్టలోనే పెద్దది, 46కు 40. స్టీల్‌సిరీస్ క్యూసీకే మీడియం 32కు 27. కటింగ్‌కు తక్కువ డీపీఐ పెట్టుకుని చెయ్యి మొత్తం కదిపి పనిచేసే అలవాటుంటే పెద్దది కావాలి. మణికట్టుతోనే తిప్పేవాళ్ళకు మొదటి సైజు చాలు.

జపాన్ ఆర్టిసన్ ప్యాడ్‌ల గురించి వింటూ ఉంటారు. వాటి రకాల్లో జీరో అంటే నిలకడ, రైడెన్ అంటే వేగం, హియెన్ వేగంగానే ఉండి కాస్త గరుకు. ఒకే బట్టను ఎక్స్‌సాఫ్ట్, సాఫ్ట్, మిడ్ అని మూడు మెత్తదనాల్లో ఇస్తారు. బాగుంటాయి, కానీ మన పనికి అంత ఖర్చు అక్కర్లేదు.

మౌస్ బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. లాజిటెక్ జీ502 హీరో 121 గ్రాములు. అలాంటి బరువైన మౌస్ మెత్తటి బట్ట మీద ఈడ్చినట్టుంటుంది, గట్టి ప్యాడ్ మీద హాయిగా ఉంటుంది. 60 గ్రాముల దగ్గర ఉండే తేలిక మౌస్‌ను గ్లాస్ మీద పెడితే ఆపడమే కష్టం, దానికి బట్ట సరిపోతుంది. బరువుకు గట్టిది, తేలికకు బట్ట. నేను స్నేహితులకు చెప్పేది ఇదే.

హైదరాబాద్ వైపు వస్తే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర ఉన్న కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) మీ మౌస్ చేత్తో పట్టుకుని వెళ్ళండి. తెరిచి ఉన్న ప్యాడ్ మీద మీ మౌస్ పెట్టి ఒక నిమిషం జరపనిమ్మని అడగండి. ఎన్ని రివ్యూలు చదివినా ఆ నిమిషంలో తెలిసినంత తెలియదు.

క్యాడ్_రవి

శాస్త్రి గారూ, పుస్తకాల పరీక్ష చేశాను. బట్ట మీద కర్సర్ మొదటి చోటికి రాలేదు, హార్డ్ ప్యాడ్ మీద దాదాపు అక్కడికే వచ్చింది. హార్డ్ ప్యాడే ఖాయం చేసుకుంటున్నాను. ఇంకొకటి అడగాలి. మౌస్ ఎత్తి పక్కన పెట్టేటప్పుడు కర్సర్ కొంచెం జరుగుతుంది, దానికి కూడా ప్యాడ్‌తో సంబంధం ఉందా?

కీబోర్డు_కిట్టు

ఉంది అన్నా. దాన్ని లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్ అంటారు, మౌస్ ఎంత ఎత్తు లేపేదాకా సెన్సర్ చూస్తూనే ఉంటుందన్నమాట. పాత సీడీలు ఉంటే తీయండి. ఒక్కో సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. సెన్సర్ కన్ను మధ్యలో ఖాళీగా ఉండేలా రెండు వైపులా కాళ్ళ కింద ఒక్కో సీడీ పెట్టి జరపండి. కర్సర్ కదిలితే ఇంకో జత వేయండి. ఒక జత మీద కదిలి రెండు జతల మీద ఆగిపోతే ఆ ఎత్తు 1.2కూ 2.4కూ మధ్య ఉన్నట్టు. ప్యాడ్ మారితే ఇదీ మారుతుంది. కొన్ని మౌస్‌ల సాఫ్ట్‌వేర్‌లో ప్యాడ్‌ను బట్టి దీన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. ప్యాడ్ మార్చినప్పుడల్లా ఒకసారి చేసుకోవాలి.

మాడరేటర్

వాడిన ప్యాడ్‌లు అమ్మాలనుకునేవారు అమ్మకాల విభాగంలో పెట్టండి. ఇక్కడ పెట్టిన రెండు పోస్టులు అక్కడికి మార్చాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

భీమవరం_డిజైనర్

అందరికీ అప్‌డేట్. మౌస్ తిరగేసి శాస్త్రి గారు చెప్పినట్టు గోటితో రాసి చూశాను. ముందువైపు కాళ్ళు పూర్తిగా అరిగిపోయి అడుగుతో సమానమయ్యాయి. వాటి చుట్టూ నల్లటి మట్టి గట్టిగా పట్టి ఉంది. కొత్త కాళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పొడవాటి ముక్కలు, గుండ్రటి చుక్కలు అని రెండు రకాలు. మామూలు బట్ట ప్యాడ్ తీసుకుందామనుకుంటున్నాను. ఏవి వేయాలి? పాతవి ఎలా తీయాలి?

విశాఖ_గేమర్

బట్టకు పొడవాటివి, వెడల్పువి వేయండి. చిన్న చుక్కలు బట్టలోకి దిగబడతాయి. గ్లాస్, హార్డ్ ప్యాడ్‌లకైతే చుక్కలు బాగుంటాయి. తగిలే చోటు తక్కువ కాబట్టి కింద దుమ్ము ఇరుక్కోవడం తగ్గుతుంది. గ్లాస్ మీద పీటీఎఫ్ఈ తొందరగా అరుగుతుంది, అది ముందే తెలుసుకుని స్పేర్ పెట్టుకోవాలి.

తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేయండి, జిగురు మెత్తబడుతుంది. పల్చటి ప్లాస్టిక్ కార్డు మూలతో ఒక పక్క నుంచి లేపండి, బ్లేడు పెట్టకండి. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరాకే కొత్తవి అతికించాలి. జిగురు మరక ఉండిపోతే కొత్త కాలు ఒక మూల పైకి లేచి ప్యాడ్‌ను గీరుతుంది. కొన్నిటికి పైన పారదర్శకమైన రక్షణ పొర ఉంటుంది, అది తీయడం మరచిపోకండి. కొత్త మౌస్ కొన్నప్పుడు కూడా చాలామంది ఆ పొరతోనే వాడేస్తుంటారు.

సెన్సర్_శాస్త్రి

దీనికి ఒకటి కలుపుతాను. కాళ్ళ అంచులు గుండ్రంగా మలచినవి చూసి తీసుకోండి. అంచు పదునుగా ఉంటే నేతకు తగులుకుంటూ వెళ్తుంది, ముఖ్యంగా చెయ్యి బరువు వేసేవాళ్ళకు. కొత్తవి మొదట్లో కాస్త గీరినట్టు అనిపిస్తాయి, కొంత వాడాక సర్దుకుంటాయి. నాలుగు మూలలూ ఒకే మందం ఉన్నవే వేయాలి. ముందు కొత్తవి, వెనక పాతవి అయితే మౌస్ వంగి నిలబడుతుంది, సెన్సర్ ఎత్తు మారుతుంది, ఫోకస్ మళ్ళీ మొదటికొస్తుంది.

భీమవరం_డిజైనర్

బట్ట ప్యాడ్ వచ్చింది, మందం తక్కువ, ఏ బొమ్మా లేని నల్లది. కాళ్ళు మార్చాను. మౌస్ పాతదే. జడ అంచు, మల్లెపూల అంచు, జుట్టు విడివిడిగా ఎగిరే చోటు అన్నీ చేసి చూశాను. కర్సర్ దూకడం లేదు, మొదలయ్యేటప్పుడు పట్టేయడం లేదు. పెన్ టూల్ పాయింట్ ఎక్కడ అనుకుంటే అక్కడ పడుతోంది. గేమింగ్ మౌస్‌కు పెట్టాల్సిన డబ్బు మిగిలింది.

విశాఖ బ్రదర్ చెప్పింది కూడా కళ్ళారా చూశాను. నిన్న వాన పట్టి కరెంటు పోయి, ఫ్యాన్ కూడా లేకుండా ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడిపినప్పుడు సాయంత్రానికి ప్యాడ్ బరువెక్కింది. అరచేయి ఆనేచోట ఒక్కటే అలా, పైభాగం బాగానే ఉంది. దీనికి మార్గం ఉందా, లేక హైబ్రిడ్ తీసుకోవాలా?

డీటీపీ_లక్ష్మి

హైబ్రిడ్ దాకా వెళ్ళకముందు ఇది చేయండి. అరచేయి కింద పల్చటి కాటన్ చేతిరుమాలు మడిచి పెట్టుకోండి, మౌస్ తిరిగే చోటికి అడ్డం రాకుండా. చెమట దానికి పడుతుంది. అలాంటివే రెండు ప్యాడ్‌లు ఉంచుకుని మార్చుకుంటూ వాడితే ఒకటి ఆరుతూ ఉంటుంది.

భీమవరం_డిజైనర్

బాగుంది అక్కా. ఉతకొచ్చా దీన్ని? మిషన్‌లో వేస్తే పాడవుతుందా?

డీటీపీ_లక్ష్మి

మిషన్ వద్దండీ, రబ్బరూ బట్టా విడిపోతాయి. బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, తలస్నానం షాంపూ కొంచెం వేసి, మెత్తటి బ్రష్‌తో నేత దిక్కుకు రుద్దండి. అరచేయి ఆనేచోట జిడ్డు ఎక్కువుంటుంది, అక్కడ ఇంకోసారి. నురుగు పూర్తిగా పోయేదాకా కడగాలి, సబ్బు మిగిలితే ఆరాక ఆ చోట మౌస్ ఆగుతుంది. పిండకూడదు. పొడి తువ్వాలులో చుట్టి నీళ్ళు ఒత్తేసి, నీడలో ఫ్యాన్ కింద చదునుగా పరచండి. ఎండలో వేస్తే రబ్బరు పెళుసెక్కి అంచులు పైకి లేస్తాయి. వానాకాలంలో మర్నాటి దాకా ఆరదు, పైన పొడిగా అనిపించినా తిప్పి అడుగు వైపు కూడా తడిమి చూసుకుని అప్పుడు టేబుల్ మీద వేయండి. తడి అడుగుతో వేస్తే అద్దం మీద మరక పడుతుంది, కింద ఉన్న శాంపిల్ ఫొటోలకు కూడా చెమ్మ చేరుతుంది.